బుధవారం గైర్హాజరు

బడి మానేసే పిల్లల ఇళ్లకెళ్లి, నచ్చజెప్పి మళ్లీ క్లాసులో కూర్చోబెట్టడం ఆమె ఉద్యోగం. పిల్లలు ఆమెను ‘ఆరాల అక్క’ అంటారు.

ఏడో తరగతి అమ్మాయి ఒకతె బుధవారాలు మాత్రమే మానేస్తోంది. ఆ రోజు లెక్కల పరీక్ష ఉంటుంది, భయం కాబోలు అన్నారు టీచర్లు. అక్కకు ఆ మాట మింగుడు పడలేదు. ఓ బుధవారం తనే వెళ్లింది.

వీధిలో బిందెల వరుస. అందులో ఆ అమ్మాయి, చేతిలో లెక్కల పుస్తకం.

“నీళ్ల ట్యాంకర్ వారానికొక్కసారే వస్తుందక్కా. అమ్మ ఫ్యాక్టరీకెళ్తుంది. మరి ఎవరు పట్టాలి?”

అక్క బిందె లాక్కుంది. “నువ్వు బడికి నడువు.”

అప్పట్నుంచి బుధవారాలు అక్క బడికి రావడం లేదు. హెడ్మాస్టరు నిలదీశారు.

“ఎందుకో ఇంటికొచ్చి కనుక్కోవాలి సార్. వచ్చేటప్పుడు ఓ బిందె పట్టుకురండి.”