ఇడ్లీలో సొరకాయ

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. ఆటిజం ఉంది. మాటలు తక్కువ, అభిప్రాయాలు ఎక్కువ, అవీ దాదాపు అన్నీ తిండి మీదే. తినేవి ఐదు: తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ, బంగాళదుంప వేపుడు, ఒకే ఒక్క రకం బిస్కెట్లు. వేపుడులో కరివేపాకు కనపడకూడదు. ఇడ్లీ తినేటప్పుడు చట్నీ గిన్నె బల్ల మీద ఉన్నా లేచిపోతుంది. బిస్కెట్ విరిగితే అది ఇక బిస్కెట్ కాదు.

ఈ ఐదింటి మీద సికింద్రాబాదులో మాకు సలహా ఇవ్వని మనిషి లేడు. చర్చిలో ఆరాధన అయ్యాక ఒక పెద్దావిడ, "రెండు రోజులు పస్తు పెట్టండి బాబూ, అదే తింటుంది" అంటుంది, మూడో సమోసా చేతిలో పట్టుకుని. చిలకలగూడలో మేం అద్దెకుంటున్న ఇంటి ఓనరమ్మ మెట్ల దగ్గర ఆపుతుంది. "ఏంది సార్, బిడ్డ గిట్ల బక్కగైంది? జెర కూరగాయలు సుత పెట్టుండ్రి." ఆ ఆలోచన మాకు రాలేదనుకుంటుంది పాపం. భీమవరం నుంచి వచ్చి మాతో ఉంటున్న మా అత్తగారు మాత్రం ఏమీ అనరు. నా వైపు చూసి నిట్టూరుస్తారు. అన్నింటికంటే అదే ఎక్కువ మండుతుంది నాకు.

పాపకు వారానికి రెండుసార్లు శిక్షణ ఇచ్చే థెరపిస్టు మొదటి రోజే ఒక మాట చెప్పింది. "కొత్తది పెట్టాలంటే ప్లేట్లో పక్కన పెట్టండి సార్. ముట్టుకోకపోయినా పర్లేదు. తినేవాటిలో దాచి మాత్రం కలపొద్దు." బుద్ధిగా తల ఊపాను. ఇంకా పెళ్ళయినా కాని పిల్ల, పిల్లల్ని పెంచడం నాకు నేర్పుతుందా అని లోపల అనుకున్నాను. నా తెలివి మీద నాకు మొదట్నుంచీ అపారమైన గౌరవం.

ఆ తెలివికే ఉపాయం తట్టింది. ఇడ్లీ తెల్లగా ఉంటుంది, సొరకాయ కూడా తెల్లగానే ఉంటుంది. సన్నగా తురిమి, నీళ్ళు పిండేసి, ఇడ్లీ రుబ్బులో కలిపేస్తే ఎవరికి తెలుస్తుంది?

శనివారం పొద్దున్నే స్కూటర్ మీద బోయిన్‌పల్లి మార్కెట్‌కు వెళ్ళాను. వీధి చివర బండి మీద దొరికేదానికి అంత దూరం ఎందుకంది మా ఆవిడ. పాప తినేది తాజాగా ఉండాలన్నాను. అక్కడి వ్యాపారి నన్ను ఎగాదిగా చూశాడు. "ఒక్కటా? ఒక్కటి గావాల్నంటే బండి కాడ కొనుక్కో సార్. ఈడ బస్తానే." ఉత్త చేతులతో తిరిగి రావడానికి పరువు అడ్డొచ్చి బస్తా తెచ్చాను. పది రోజులు ఇంట్లో సొరకాయ పులుసు, సొరకాయ పప్పు, సొరకాయ తొక్కు పచ్చడి. అత్తగారి నిట్టూర్పులు రెట్టింపయ్యాయి.

మా ఆవిడ స్కూల్లో టీచరు. ఉపాయం చెప్పగానే, "దానికి తెలిస్తే?" అంది.

"ఎలా తెలుస్తుంది?"

"ఈ ఇంట్లో దానికి తెలియనిది ఏదైనా ఉందా? నా చేత్తో నేను కలపను. మీకంత సరదాగా ఉంటే మీరే చేసుకోండి."

నేనే చేశాను. మొదటి రోజు ఒక్క చెంచా తురుము. మా ఇంట్లో ప్రార్థన చేయనిదే ఎవరూ ముద్ద ఎత్తరు. ప్రభువా, ఈ ఆహారాన్ని దీవించు అన్నాను. సొరకాయ సంగతి ఆయనకు తెలుసు, పాపకు తెలియదు. ఆమెన్ అన్నాను. పాప నాలుగు ఇడ్లీలూ తినేసింది.

రెండో రోజు రెండు చెంచాలు. మూడో రోజు మూడు. సొరకాయ కోతలంటారే, ఇంట్లో కోసినవి చాలక ఆఫీసులో కూడా కోశాను. పై ఆదివారం చర్చిలో సమోసా ఆవిడకు పిల్లల పెంపకం మీద పావుగంట ఉపన్యాసమిచ్చాను. సోమవారం ధైర్యం పెరిగి అర గ్లాసు తురుము వేశాను. ఆఫీసు తొందరలో అది కాస్త లావుగా పడింది.

పాప ఇడ్లీ విరిచి ఆగింది. లోపల్నుంచి ఒక పోగు వేళ్ళతో లాగింది. కిటికీ వైపు ఎత్తి చూసి ప్లేటు అంచున పెట్టింది. నాలుగు ఇడ్లీలూ విరిచి, దొరికిన పోగులన్నీ అంచు మీద వరసగా పేర్చింది. ఏడవలేదు, అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. మామూలుగా ఎవరి ముఖంలోకీ చూడని పిల్ల నా ముఖంలోకి చూసింది. తర్వాత ప్లేటు తీసుకెళ్ళి సింకులో పెట్టింది.

ఆ రోజు నుంచి మా వంటింట్లోంచి వచ్చిన ఏదీ ముట్టలేదు. దుంప వేపుడు చిదిమి చూసి తోసేసింది. పెరుగు వేలితో కెలికి వదిలేసింది. తన చేత్తో ప్యాకెట్ చింపుకున్న బిస్కెట్లు మాత్రం తిని నీళ్ళు తాగింది. ఎక్కడో ఉన్న బిస్కెట్ కంపెనీవాణ్ణి నమ్మింది, కన్నతండ్రిని నమ్మలేదు. ఆ కంపెనీవాడు ఎప్పుడూ మోసం చేయలేదు మరి.

మూడో రోజుకు పాప సోఫా మీంచి లేవలేదు. రేపటికీ ఇలాగే ఉంటే సెలైన్ ఎక్కించాలన్నారు డాక్టరు. సూది చూస్తే మా అమ్మాయి ఏమైపోతుందో మాకు తెలుసు. థెరపిస్టుకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆ అమ్మాయి తిట్టలేదు. "ఇకమీదట పాప చూస్తుండగా వండండి సార్" అంది, అంతే. తిట్టి ఉంటే కాస్త తేలికపడేవాణ్ణి.

మర్నాడు పొద్దున మా ఆవిడ పాపను వంటింటి గట్టు మీద కూర్చోబెట్టింది. బియ్యంలో చేయి పెట్టనిచ్చింది. ఎదురుగానే కడిగింది, మూత లేని గిన్నెలో వండింది, గంజి వార్చింది. పాప అన్నం మెతుకులు పట్టి పట్టి చూసి, నాలుగు ముద్దలు తింది. మా ఆవిడ సింకు వైపు తిరిగి కుళాయి తిప్పింది. నేను హాల్లో నిలబడి ఏడ్చాను.

సాయంత్రం నేను పెరుగన్నం కలిపి పెట్టాను. ప్రార్థన అయ్యాక పాప ఒక ముద్ద తీసి నా నోటికి అందించింది. తిన్నాను. మింగేదాకా నా గొంతు వైపే చూసింది. కాసేపు ఆగింది. అప్పుడు తను తింది.

ఎనిమిది నెలలైంది. ఇడ్లీ మళ్ళీ ముట్టలేదు. నేను ఏది వడ్డించినా మొదటి ముద్ద నాకే. మొన్న చర్చిలో అందరం కలిసి కూర్చుని తినే ప్రేమవిందు జరిగింది. పాపకు ఇంటి నుంచి డబ్బా తెచ్చాం. నేను అన్నం పెట్టగానే మామూలుగా నా నోటికి ముద్ద అందించింది. అది చూసి పాస్టరమ్మగారికి కళ్ళు చెమర్చాయి.

"నాన్నకు పెట్టందే తను తినదా? ఎంత ప్రేమో చూడండి! మాటలు రాకపోతేనేం!"

బల్ల చుట్టూ అందరూ మెచ్చుకోలుగా నన్ను చూశారు. నేను కూడా నవ్వాను, నోట్లో ముద్దతోనే. పాప చూస్తోంది కదా, ముందు మింగాలి.

"మరి అమ్మకు పెట్టవా బంగారం?" అన్నారు పాస్టరమ్మగారు.

మా ఆవిడ డబ్బాలోంచి ఇంకాస్త అన్నం, పెరుగు వడ్డించింది. పాప ఎవరి నోటికీ అందించకుండా, వంచిన తల ఎత్తకుండా తినేసింది.