పెదవి ఆనించని కాఫీ

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదుండేది. ఇప్పుడూ అక్కడే ఉంది, కాకపోతే కళ్ళజోడుతో చోటు పంచుకుంటోంది. ఇన్నేళ్ళలో ఎందరి మీదో వచ్చింది, పోయింది గానీ, పారిస్‌లో ఒక కాగితం కప్పు మీద వచ్చిన కోపం మాత్రం ఈనాటికీ చల్లారలేదు. ఆ కప్పులో కాఫీ ఆవేళ చల్లారి ఉంటే అసలు గొడవే ఉండేది కాదు.

మాది కొత్తవలస దగ్గర గుడి సన్నాయి మేళం. పెద్ద సన్నాయి మా మేనమామది, పక్కన రెండో సన్నాయి నాది. (రెండో సన్నాయంటే, ఆయన ఊపిరి తీసుకునే సందులో నేను ఊదాలి. ఆయన ఊపిరి తీసుకోడు. అదీ నా సంగీత జీవితం.) వాయించే రోజున మావ ఏ గ్లాసుకీ పెదవి ఆనించడు. సన్నాయిని తాకే పెదవి ఎంగిలి కాకూడదని మా తాత పెట్టిన కట్టుబాటు. అత్త కాఫీని ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి తిరగబోసి, తాగే వేడికి తెచ్చి ఇచ్చేది. మావ గ్లాసు జానెడు పైకెత్తి, తల వెనక్కి వాల్చి ధారగా గొంతులో పోసుకునేవాడు. చొక్కా మీద చుక్క పడేది కాదు.

అలాంటి మాకు పారిస్‌లో ఏదో సంగీతోత్సవానికి పిలుపొచ్చింది. సన్నాయిలు మా ఒళ్ళోనే వచ్చాయి. అత్త సర్దిన కాఫీ పొడీ, ఫిల్టరూ, గ్లాసులూ ఉన్న పెట్టె మాత్రం ఏ దేశం చూడబోయిందో, మాతో దిగలేదు. కచేరీ రోజు మావ తలకి తువ్వాలు బిగించి, "కాఫీ పడకపోతే నాకు ఊపిరి రాదురా. కచేరీ లేదని సెప్పీ" అని ముసుగుతన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. జన్మానికో శివరాత్రిలా నాకో విదేశీ కచేరీ దొరికితే, అది కాఫీ లేక ఆగిపోయిందని ఊళ్ళో ఏ మొహంతో చెప్పుకోను? ముసుగు లాగేసి, ఆయన్ని వీధిలోకి ఈడ్చుకుపోయాను.

మొదటి కొట్టులో ఉగ్గుగిన్నెంత కప్పులో నల్లటి చుక్క ఇచ్చారు. "డికాక్షను బాగానే ఉన్నాది. పాలేవిరా?" అని మావ చాలాసేపు ఓపిగ్గా ఎదురుచూశాడు. రెండోచోట అన్నీ పాలే. మూడో కొట్టు గోడ మీద మన కొండల ఫొటో, కింద అరకు అని పేరు! మావకి కళ్ళు చెమర్చాయి. "ఒరే, మన కిరండోలు రైలెక్కి ఎల్తామే, ఆ అరకేరా! ఈ గింజ మనూరి మీంచే వచ్చుంటాది." కొట్టులో అమ్మాయి గాజు గరాటులో సలసల కాగే నీళ్ళు సన్నగా పోసి, దిగిన కాఫీని కాగితం కప్పులో పోసి మూత బిగించింది. పాలడిగితే బూతుమాట విన్నట్టు చూసి, పాలూ పంచదారా పడితే ఇందులోని నారింజ వాసన పోతుందంది. నేను మావకి తెలుగులో చెప్పాను.

"కాఫీలో నారింజేటిరా! మన అరకు పిల్లనిచ్చుకుంటే ఇలాగేనా సూసుకోడం?" అని మావ గర్జించాడు.

"మావా, కాలిపోతన్నాది. దీనికి కన్నం ఉన్నాది సూడు, పెదవి ఆనించి మెల్లగా తాగు."

"నువ్వు నాకు నేర్పుతావేట్రా, గుంటడా!"

కప్పు జానెడు పైకెత్తాడు. తల వాల్చాడు. కన్నంలోంచి ఏమీ రాలేదు. కోపంగా ఒక్క విదిలింపు విదిలించాడు. మూతా వచ్చింది, కాఫీ అంతా వచ్చింది. మావ అరిచిన అరుపు పైస్థాయి షడ్జమానికి సరిగ్గా ఆనింది. పై పెదవి గారెలా ఉబ్బింది.

దారి పొడుగునా తిట్టుకున్నాం. ఆయన్ని నేను, నన్ను ఆయన, కాఫీని ఇద్దరం. "నీ మూర్ఖత్వంతో కచేరీ నాశనం సేసావు!" అన్నాను. గదిలోకి వచ్చాక మావ తిట్లు ఆపాడు. తన సన్నాయి తీసి నా చేతిలో కుక్కాడు. "నీకు పెదవి లేదా? నువ్వు వాయించు." ఆ సన్నాయిని అన్నేళ్ళూ నన్ను తుడవనిచ్చాడే గానీ ఊదనిచ్చింది లేదు.

ఆ సాయంత్రం శ్రుతిపెట్టె పక్కన కూర్చుని మావ తాళం వేస్తే, నేను పంటిబిగువున ఉన్న కోపమంతా ఊదేశాను. సందు దొరకని ఏళ్ళన్నీ ఊదాను. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మావ వాచిన పెదవితో ముద్దముద్దగా అన్నాడు: "ఆ కాఫీ బాగుండుంటే నేనే వాయించుదును. నీ వాయింపు నాకెప్పుడు ఇనబడును?" ఆ మాటకీ నాకు కోపమే వచ్చింది. ఇన్నాళ్ళూ పక్కనే కూర్చున్నాను కదా!

మావ పోయాడు. పెద్ద సన్నాయి ఇప్పుడు నాది. మొన్న సింగపూరు వెళ్ళినప్పుడు కాగితం కప్పులో కాఫీ ఇచ్చారు. మూత తీసేసి, చల్లారనిచ్చి, కప్పు జానెడు పైకెత్తాను. రెండో సన్నాయి వాయించే మా మేనల్లుడు పళ్ళు నూరాడు. "మావా, అందరూ సూస్తన్నారు. పెదవి ఆనించి తాగలేవేటి?" కాఫీ దరిద్రంగా ఉంది. వాడి కోపం మాత్రం ఎక్కడో చూసినట్టుంది. నవ్వొచ్చి, చొక్కా మీద చుక్క పడింది. ఆ సాయంత్రం కచేరీలో, అవసరం లేకపోయినా, మధ్యమధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నాను.