నెలపొడుపు చూశాక ఎవరి మొహం

మాది విజయనగరం. పని మీద మిర్యాలగూడ వచ్చి, ఓ సాయంత్రం తీరిక దొరికితే పాలకీడు వైపు వెళ్లాను. పొద్దు గుంకాక కాలువ గట్టు మీద నా మూరెడు టెలిస్కోపు నిలబెట్టి, అమావాస్య తర్వాత వచ్చే సన్నని నెలవంక కోసం వెతుకుతున్నాను. గొర్రెలను ఇంటికి తోలుకుపోతున్న లింగమ్మ అనే ఆవిడ, ఆమె భర్త నన్ను చూసి ఆగారు.

"గంత చిన్నదాంట్ల ఏం కనవడ్తది బిడ్డా?" అంది లింగమ్మ.

అంతలోనే నెలవంక దొరికింది. ఆమెను చూడమన్నాను. గొట్టానికి కన్ను ఆనించి, "నెలపొడుపే" అంటూ రెండు కళ్లూ గట్టిగా మూసేసుకుంది. కంట్లో ఏదైనా పడిందేమోనని కంగారుపడ్డాను.

"ఏం కాలే. నెలపొడుపు సూసినంక ఎవల మొకం సూస్తే నెలంత గట్లనే ఉంటది. జర నన్ను మా సూడి గొర్రె కాడికి తోల్కపో. నేడో రేపో ఈనేటట్టున్నది."

"నేనున్న గద, నా మొకం సూడు," అన్నాడు భర్త.

"పోయిన నెల నీ మొకమే సూసిన. నెలంత మోకాళ్ల నొప్పులే."

ఆయన నవ్వుకుంటూ వెళ్లి గొర్రెను కదలకుండా పట్టుకున్నాడు. నేను ఆమె చెయ్యి పట్టుకుని మంద మధ్యలోంచి నడిపించాను. లింగమ్మ వంగి, గొర్రె మొహానికి ఎదురుగా కళ్లు తెరిచి, తృప్తిగా నుదురు నిమిరింది. తర్వాత నావైపు తిరిగింది.

"మరి నువ్వు ఎవల మొకం సూసినవ్?"

"మీదే," అన్నాను.

"అయితే ఇగ నెలంత గొర్లెంబడి తిరుగుడే నీకు," అంది.