తూకం కంప్యూటర్‌ను బొట్టు పెట్టి పిలిచిన రోజు

నేను బడి మెట్లు ఎక్కలేదు. అక్షరాలు అమ్మ నేర్పింది, కంప్యూటర్ ఇంట్లో ఫోను చూసి నేర్చుకున్నాను. ఈ పని ఇచ్చిన దేవుడికి దండం పెట్టుకున్నాకే రోజూ పనిలో కూర్చుంటాను. ఆర్మూర్‌లో, రైతుల పసుపును వేలంలో అమ్మిపెట్టే ఒక ఆడ్తి దుకాణంలో నా పని ప్రాక్సీకి నియమాలు రాయడం. ప్రాక్సీ మా కంప్యూటర్ల ముందు గేటు దగ్గరి మనిషి లాంటిది. వచ్చిన ప్రోగ్రాంను ఏ గోదాము నుంచి వచ్చావని అడగదు, నువ్వెవరో చూపించమంటుంది. ఆ గుర్తింపు నా నియమాల్లో ఉంటేనే లోపలికి.

ఒక పొద్దున మా దుకాణం సేటు బావమరిది పక్క గల్లీలోని తన గోదాములో, ఎవరికీ చెప్పకుండా, కొత్త తూకం కంప్యూటర్ పెట్టాడు. అది మా వేలం తెరకు తూకాలు పంపబోతే ప్రాక్సీ 'అనుమతి లేదు' అంది. ఆయన అది చదివి, కంప్యూటర్ బంద్ చేసి ఫోను చేశాడు.

"సొంత బావ దుకాన్ల నాకు అనుమతి లేదా? మర్యాదగ పిలిచేదాక చాలు చెయ్య."

చాలు చేయకపోతే, అంటే ఆన్ చేయకపోతే, దాని గుర్తింపు నాకు కనబడదు. ఏర్గట్ల ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ పసుపు ఆ గోదాములోనే తూగింది. తూకం తెర మీదకు రాకపోతే ఆ రోజు వేలంలో ఆమె కుప్ప ఉండదు.

"కిరాయి బండి మీద తెచ్చిన. మళ్ల తీస్కపోవాల్నా బిడ్డా?" అంది పెద్దమ్మ.

సేటు భార్య కుంకుమ భరిణె తీసుకొని నాతో తమ్ముడి గోదాముకు వచ్చింది.

"తమ్మీ, బొట్టు పెట్టి పిలుస్తున్న. జర చాలు చెయ్యి."

"నాకెందుకక్కా? వద్దన్నది దాన్ని. దానికే పెట్టు."

ఆమె నా వైపు చూసింది. "అంచుకు పెట్టుండ్రి, అంకెలు కనబడాలె" అన్నాను. ఆమె కంప్యూటర్ తెర అంచున పెట్టి, "వేలానికి రావాలె తల్లీ" అని పెళ్లికి పిలిచినంత మర్యాదగా పిలిచింది. అప్పుడు ఆయన చాలు చేశాడు. నేను వెంట తెచ్చిన ల్యాప్‌టాప్‌లో దాని గుర్తింపు సరిచూసి, నియమాల్లో ఒక్క వరుస చేర్చాను: ఇది తూకాలు పంపవచ్చు, ధరలు ముట్టరాదు.

ఆయన నా భుజం మీదుగా చదివాడు. "సుట్టానికి అన్నం వెట్టి కూర వెయ్యవా?"

"సేటు తూకం కంప్యూటర్ గూడ ధరలు ముట్టది కాకా."

"గట్లయితే సరే."

పెద్దమ్మ కుప్ప వేలానికి ఎక్కింది. పోయేముందు ఆమె గోదాముకు వచ్చి, కొంగుకు అంటిన పసుపును కంప్యూటర్ మీది బొట్టు కింద ఇంత రాసి పోయింది. ఎవరూ వద్దనలేదు. నేను మనసులో దండం పెట్టుకొని, దాని కీబోర్డు మీద రాలిన పొడి దులిపాను, బొట్టు చెరగకుండా.