మూడో మెట్టు సందులో డబ్బా

మీటరు రీడరు కాళ్ళకి బలపాలు కట్టుకునే పుట్టాడని వాళ్ళమ్మ అనేది. కరెంటు మీటర్లు చూసే ఉద్యోగంలో రోజుకి మూడొందల గుమ్మాలెక్కి దిగుతాడు. ఏ ఇంట్లో కుక్క కరుస్తుందో, ఏ ఇంట్లో కుక్క ఊరుకుని యజమాని కరుస్తాడో అతన్నే అడగాలి. అంత తిరిగినవాడు ఆదివారం నాడైనా కాళ్ళు చాపుకుని పడుకుంటాడా అంటే, ఉహూ! సబ్బుబిళ్ళంత జీపీఎస్ యంత్రం చేత్తో పట్టుకుని పొదల్లో దూరేవాడు.

ఆ పిచ్చి ఎక్కించింది కాంపౌండరు గారు. డాక్టరమ్మ ఆసుపత్రి ముందుగదిలో, మందుల కిటికీ వెనక ముప్ఫై ఏడేళ్ళు కూర్చున్న మనిషి. డాక్టరమ్మ రాసింది డాక్టరమ్మకే అర్థమయ్యేది కాదు. ఈయన మాత్రం చీటీ తలకిందులుగా పట్టుకుని కూడా చదివేసేవాడు. ఓసారి కరెంటు పోతే చీకట్లోనే, చేత్తో తడుముకుంటూ పదకొండుమందికి మందులిచ్చి పంపాడని చెప్పుకుంటారు. నలుగురికేనని ఆయన కూతురంటుంది. నలుగురైతే చెప్పుకోవడానికేం బాగుంటుంది?

ఆ ఆట పేరు జియోకాషింగ్‌ట. వీళ్ళిద్దరూ డబ్బాల వేట అనేవారు. ఎవరో ఒక డబ్బా దాచి, అది భూమ్మీద ఎక్కడుందో చెప్పే అంకెలు నెట్లో పెడతారు. ఆ అంకెలు యంత్రంలో కొట్టుకుని, బాణంగుర్తు చూపించిన వైపు నడిచి, డబ్బా పట్టుకుని, లోపలున్న పుస్తకంలో సంతకం పెట్టి, మళ్ళీ ఉన్నచోటే పెట్టి రావాలి. బంగారముండదు, వెండి ఉండదు. "సంతకానికి ఇంత తిప్పలైతే, నా రేషన్ కార్డు మీద పెట్టండి, ఒకపూట పని తప్పుతుంది," అనేది మీటరు రీడరు భార్య.

కిందటేడు కాంపౌండరు గారు కాలవ కట్ట మీద కొత్త డబ్బా దాచాడు. ఆ కట్టకి నీళ్ళలోకి దిగే మెట్ల వరసలు పన్నెండు. అన్నీ ఒక తల్లి కన్న పిల్లల్లా ఉంటాయి. నెట్లో ఇంకా పెట్టకుండా, అంకెలు చీటీ మీద రాసి శిష్యుడికిచ్చాడు.

"మొదటి సంతకం నీది కావాల్రా. కిందినుంచి మూడో మెట్టు, ఎడంచేతి వైపు సందు. మిగతాది నీ యంత్రం చెబుతుంది."

ఆ వారమే ఆయన స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు.

అదే నెలలో ఇంకోటి జరిగింది. కరెంటాఫీసులో స్తంభాలన్నీ పాత పటం మీద గుర్తించే పని పడింది. భూమిని కొలిచే లెక్క అందరికీ ఒకటే అనుకుంటాం గానీ, పాత పటాలకో లెక్క, కొత్త యంత్రాలకో లెక్కట. పటాలగదిలో కూర్చునే ఆవిడ మీటరు రీడరు యంత్రం తీసుకుని, నాలుగు మీటలు నొక్కి పాత లెక్కలోకి మార్చింది. "పనయ్యాక వెనక్కి మార్చుకో, అబ్బాయ్. లేకపోతే వంద గజాలు పక్కకి చూపిస్తుంది," అని చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పింది. సరేనన్నాడు. పని అయిపోయింది. మార్చడం మర్చిపోయాడు.

మొదటిసారి కట్ట మీదికెళ్ళినప్పుడు బాణంగుర్తు ఒక మెట్ల వరస దగ్గర ఆగింది. మూడో మెట్టు, ఎడంవైపు. సందు లేదు. ఉన్న రాళ్ళన్నీ గోళ్ళతో గీరాడు. బట్టలుతికే ఆవిడ ఒకతె చూసి, "ఏం బాబూ, ఉంగరం పోయిందా?" అని జాలిపడి తనూ కాసేపు వెతికింది.

"లేదండీ," అన్నాడొచ్చి.

మంచం మీద కాంపౌండరు గారు కనుబొమలు ముడేశాడు. "లేకపోవడమేంట్రా? చేత్తో పెట్టాను. ఇంకోసారి చూడు."

చూశాడు. లేదు.

"పక్క వరసలు కూడా చూడకపోయావా?"

"ఎందుకండీ, యంత్రం ఇక్కడే అంటుంటే?"

"దాన్లో ఏదైనా మార్చావేమో."

అక్కడ రోషం వచ్చింది మీటరు రీడరుకి. పదహారేళ్ళుగా ఒక్క మీటరు తప్పు చదవనివాడు! తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నిజానికి ఆ నెల్లో వేరేచోట వెతికిన రెండు డబ్బాలూ దొరకలేదు. దానికి అతను చెప్పుకున్న కారణమేమిటంటే, ఊళ్ళో దొంగలు పెరిగారని.

మూడోసారి వెళ్ళొచ్చి, కాంపౌండరు గారి కూతురు పక్కన నిలబడి ఉండగానే అనేశాడు: "యంత్రం అబద్ధం చెప్పదండీ. మీరే ఎక్కడో పెట్టి మర్చిపోయుంటారు."

అన్నది అంతే. ముక్కు చీది పారేసినంత తేలిగ్గా అన్నాడు.

ఆవిడ ఆ మధ్య తండ్రి రెండుసార్లు కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతకడం చూసింది. ఆ సాయంత్రం మంచం పక్కన కూర్చుని, "నాన్నా, డాక్టరమ్మగారితో ఒకసారి మాట్లాడదామా?" అంది మెల్లగా.

ఆయనే ముందు మాట్లాడాడు. కర్ర పట్టుకుని లేవగలిగిన రోజున నేరుగా ఆసుపత్రికెళ్ళి, తెల్లకోటు మడతపెట్టి డాక్టరమ్మ బల్లమీద పెట్టాడు. ఆవిడ బతిమాలింది. "డబ్బా ఎక్కడ పెట్టానో తెలియనివాణ్ణమ్మా," అన్నాడు. "రేపు చంటిపిల్లకి ఐదు చుక్కల బదులు పదిహేను పోస్తే? ఇంకెవరినైనా చూసుకోండి." వారం తిరక్కుండా ఆ కిటికీ వెనక ఇంకో మనిషి వచ్చి కూర్చుంది.

మీటరు రీడరు అది విని, "పోనీలే, పెద్దాయనకి విశ్రాంతి," అన్నాడు. భార్య అతనివైపు అదోలా చూసింది. "కూర్చోబెట్టింది మీరు, విశ్రాంతంటున్నారు," అంది. ఆ మాట అప్పుడతనికి ఎక్కలేదు.

ఏడు నెలలు పోయాక పటాలగది ఆవిడకి మళ్ళీ ఆ యంత్రం కావలసొచ్చింది. తెర చూసి నవ్వింది.

"ఇదేంటబ్బాయ్, ఇంకా పాత లెక్కలోనే ఉంచావు? ఇన్నాళ్ళూ దీన్ని పట్టుకుని ఎక్కడెక్కడ తిరిగావో!"

మీటరు రీడరు నవ్వలేదు. నోట్లో టీ నోట్లోనే ఉండిపోయింది. ఆవిడ మీట నొక్కి కొత్త లెక్కలోకి మార్చడమే తరువాయి, ఆ చేతుల్లోంచి యంత్రం లాక్కుని బయటపడ్డాడు. ఆరోజు ఒక వీధి మొత్తానికి మీటర్లు చూడలేదు. పదహారేళ్ళలో అదే మొదలు.

చీటీలో అంకెలు మళ్ళీ కొడితే, బాణంగుర్తు తను గోకిన మెట్లు దాటించి, ఇంకో వరస దాటించి, మూడో వరస దగ్గర ఆపింది. కిందినుంచి మూడో మెట్టు. ఎడంచేతి వైపు సందు. చెయ్యి పెడితే చల్లగా తగిలింది, మాత్రల రేకు డబ్బా. మూత చుట్టూ ఆసుపత్రిలో గాయాలకంటించే ప్లాస్టరు పట్టీ ఎంత శుభ్రంగా చుట్టి ఉందంటే, చుక్క నీరు కూడా లోపలికి పోలేదు. పుస్తకం మొదటి పేజీలో తేదీ వేసి ఉంది. కింద గీత గీసి ఉంది, సంతకం కోసం. గీత మీద ఏమీ లేదు.

అతను మెట్టు మీదే కూలబడ్డాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే నవ్వొస్తుంది. ఇక్కడ పిల్ల లేదని తల్లికి చెప్పొచ్చాడు కదా!

డబ్బా సంచీలో వేసుకుని వెళ్ళాడు. కాంపౌండరు గారు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. గది నిండా చీటీలు. తలుపు మీద 'గొళ్ళెం', గూట్లో 'పొద్దుటి మాత్ర వేసుకున్నాను', అద్దం మీద 'కళ్ళజోడు నెత్తిన చూసుకో'. తనని తాను నమ్మని మనిషి ఇల్లు ఎలా ఉంటుందో మీటరు రీడరు అంతకుముందు చూడలేదు. నెలనెలా గుమ్మం పక్కన మీటరు చూసి వెళ్ళిపోయాడే తప్ప, లోపలికి తొంగిచూడలేదు.

డబ్బా ఒళ్ళో పెట్టాడు.

"గురువుగారూ... మీరు పెట్టిన చోటే ఉంది. నా యంత్రంలో లెక్క మారిపోయింది. ఆఫీసు పనికి మార్పించింది నేనే, వెనక్కి మార్చడం మర్చిపోయింది నేనే."

ఆయన పట్టీ అంచు గోటితో తడిమాడు. తరవాత, "అమ్మాయిని పిలు," అన్నాడు. కూతురొచ్చింది. "ఇందాక అన్నది మళ్ళీ అనరా."

అన్నాడు. ఆవిడ చేతిలో గుడ్డ నలుపుతూ నిలబడింది.

"మూడుసార్లు వెళ్ళావు కదయ్యా," అంది చివరికి. "ఒక్కసారి పక్క మెట్లు చూస్తే నీ సొమ్మేం పోయేది?"

అతను కాంపౌండరు గారివైపు తిరిగాడు.

"డాక్టరమ్మగారితో నేను మాట్లాడతానండీ," అన్నాడు ఆయనతో. "మీరు రేపే కిటికీ దగ్గరికి..."

"వద్దురా." ఆయన మొహంలో కోపం లేదు; ఉంటే బాగుండునని మీటరు రీడరు అనుకున్నాడు. "ఏడు నెలలు. రోజూ పలికే పేర్లు పలక్కుండా కూర్చున్నా. నిన్న దగ్గుమందు పేరొకటి తల్చుకుందామంటే మధ్యాహ్నం దాకా రాలేదు. అప్పుడు మర్చిపోలేదు. ఇప్పుడు మర్చిపోతున్నా." డబ్బా తిరిగి అతని చేతికిచ్చాడు. "పట్టుకెళ్ళి అక్కడే పెట్టు. సంతకం పెట్టి మరీ పెట్టు."

పెట్టాడు. గీత మీద తన పేరు రాయడానికి అంతసేపు ఎప్పుడూ పట్టలేదు.

ఇప్పుడు నెలనెలా మీటరు చూశాక లోపలికి వెళ్ళి కూర్చుంటాడు. "ఉందా?" అంటాడు కాంపౌండరు గారు. "ఉందండీ, మూడో మెట్టు, ఎడంవైపు," అంటాడితను. ఈ మతిమరుపు వయసుతో ఎలాగూ వచ్చేదేమోనని డాక్టరమ్మ అతనితో అంది. కావచ్చు. కాకపోవచ్చు కూడా. అది కొలిచే యంత్రం ఎవరి దగ్గరా లేదు. నిద్రపట్టనిది అందుకే అని భార్యతో చెప్పుకున్నాడు. ఆవిడ ఈసారి ఎగతాళి చెయ్యలేదు.

పోయిన నెల టీ తాగుతుండగా ఆయన "ఉందా?" అన్నాడు. ఉందన్నాడు. గ్లాసు ఖాళీ కాకముందే ఆయన మళ్ళీ, కొత్తగా, ఆశగా ముందుకు వంగి అడిగాడు.

"ఏరా, డబ్బా ఉందా?"

కూతురు తల తిప్పుకుంది. మీటరు రీడరు గ్లాసు కింద పెట్టి, మొదటిసారి చెబుతున్నట్టే చెప్పాడు.

"ఉందండీ. మీరు పెట్టిన చోటే ఉంది."