బతికున్న హవల్దారుకి జోహార్లు

రాయగడ కూడలిలో ఉదయం ఏడింటికి టీ తాగుతూ తలెత్తి ఫ్లెక్సీ చూసేను. మూడు నిలువుల ఎత్తు ఫ్లెక్సీ. సరే, ఒక నిలువే అనుకోండి. అందులో నా చిన్ననాటి స్నేహితుడు, రిటైరైన హవల్దారు తవిటినాయుడు, పడుచు వయసులో సైనిక దుస్తుల్లో నవ్వుతున్నాడు. ఫొటోకి బంతిపూల దండ, అటూ ఇటూ దీపాలు. "అమరవీరుడికి జోహార్లు. రేపు సాయంత్రం వీరపత్నికి సన్మానం." నాయుడి భుజం మీద ఎవరిదో చెయ్యి మిగిలిపోయి ఉంది. పక్కవాణ్ణి కత్తిరించేసి చేతిని వదిలేసేరు.

తవిటినాయుడు చావలేదు. కొరాపుట్‌లో పింఛను తీసుకుంటూ కూరగాయలు పండించుకుంటున్నాడు. వాణ్ణి చంపింది నేను.

మా వర్తకుల సంఘం ఒక మాజీ సైనికుణ్ణి సత్కరించాలనుకుంది. ముందురోజు సాయంత్రం నేను నాయుడి పేరు చెప్పేను. కార్యదర్శి పెదవి విరిచేడు. "రిటైరైనోలు ఈదికొకడున్నాడు బాబాయ్. జనం రావొద్దా?" నాకు రోషమొచ్చింది. మంచుకొండ మీద గాయపడ్డ తోటివాణ్ణి భుజాన మోసుకొస్తూ ప్రాణం విడిచేడని చెప్పేసేను. ఫోనులో ఫొటో చూపించేను. పక్కనున్న కుర్రాడెవడని అడిగితే, ఎవడో వంటవాడన్నాను. సంఘమంతా కళ్ళు తుడుచుకుంది. వీరపత్నిని తీసుకొచ్చే బాధ్యత నాకే అప్పగించింది.

ఆ పొద్దున్నే రైలెక్కేను. జనరల్ టికెట్టు వంద లోపే. టైము మాత్రం స్టేషన్లో అడగండి, నా మాట నమ్మొద్దు. టికిరి దాటేక కిటికీ పక్కన చోటు దొరికితే వదలకండి. కొండలు, లోయలు, సొరంగం వెంట సొరంగం. నలభై లెక్కపెట్టేనని రాద్దామనుకున్నాను గానీ, మూడోదానికే నిద్రపోయేను. లక్ష్మీపూర్ రోడ్‌లో ఆకుదొన్నెలో బరా అనే వేడి గారెలు, బఠాణీల ఘుగుని కూర తిన్నాను. అది మాత్రం నేను చెప్పినదానికన్నా బాగుంటుంది.

ఎదురుగా కూర్చున్న పెద్దావిడ పార్వతీపురం మనిషి. కొరాపుట్‌లో కూతురింటికి వెళ్తోంది. నేను ఊరుకోవచ్చుగా! అమరవీరుడి భార్యని తీసుకురావడానికి వెళ్తున్నానన్నాను.

"అయ్యో తల్లీ! పిల్లలా?"

"ఇద్దరమ్మా. పసివాళ్ళు."

నిజానికి ఆ పసివాళ్ళిద్దరికీ నెత్తిన జుట్టు నెరుస్తోంది. ఆవిడ చెంగుతో ముక్కు తుడుచుకుని, కూతురి కోసం తెస్తున్న అరటిపళ్ళ అత్తం తీసి నా ఒళ్ళో పెట్టేసింది. "ఆయమ్మకియ్యండి బాబూ. కాదనకండి." ఆ అత్తం మోసుకుంటూ మూడింటికి కొరాపుట్‌లో దిగేను. చలిగాలి చెవుల్ని కొరికేస్తోంది. ఆటోలో నాయుడి ఇంటికి చేరేసరికి, వాడు వరండాలో ఫోను పట్టుకుని కూర్చున్నాడు. ఫోనులో ఆ ఫ్లెక్సీ.

"రారా సూరీ. నా సావుకొచ్చేవా?"

లోపల్నుంచి వాడి భార్య నారాయణమ్మ వచ్చింది.

"ఏటన్నయ్యా, నా బొట్టు నీకేటడ్డమొచ్చింది? పొద్దుట్నుంచి ఒకటే ఫోన్లు. మా సెల్లెలు ఏడుసుకుంటా సిక్కోల్లో బస్సెక్కీసింది. ఆ అరటిపల్లేటి?"

"రైల్లో ఒకావిడ... నీకిమ్మంది."

"నాకెందుకు?"

నేను ఆవిడ బొట్టు వంక చూసేను. ఆవిడకి అర్థమైంది. అత్తం అందుకుని పోయి ఆవుకి పెట్టేసింది.

నాయుడు మాత్రం నవ్వుతున్నాడు. "సరేరా. ఎలగ సచ్చేనో సెప్పు, ఇంటాను."

ధైర్యమొచ్చి మంచుకొండ కథంతా ఎత్తుకున్నాను. మోసుకొచ్చే చోటికి వచ్చేసరికి వాడి నవ్వు ఆరిపోయింది.

"ఇదెవులు సెప్పేరు నీకు?"

"నువ్వేరా. మూడేళ్ళ కిందట ఫొటో పంపి, ఫోన్లోనే మాట రికార్డు చేసి పంపేవు కదా. దానికే కాస్త ఉప్పూ కారం..."

"ఆకరిదాకా ఇన్నావా?"

వినలేదు. అది చాలా పెద్దది. మంచుకొండ, భుజమ్మీద మనిషి, అంతవరకే విన్నాను. ఇంతలో చింతపండు బేరం వచ్చింది.

"బుజం మీదున్నోన్ని నానురా," అన్నాడు నాయుడు. లుంగీ కొంచెం పైకెత్తేడు. పిక్క సగం లేదు. "మోసినోడు సుకుదేవ్. మన బిస్సమ్ కటక్కోడు. నన్ను కింద దించి, ఇంకొకడుండిపోయేడు తెత్తానని మల్లీ పైకెల్లేడు. ఆడింక రాలేదు. ఫొటోల నా పక్కనున్నోడు ఆడే. ఆన్నెందుకు కత్తిరించీసేరు?"

"వంటవాడన్నానురా నేను."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఆ రికార్డు సివర్న నీకో పని సెప్పేను," అన్నాడు. "ఆడి అప్ప సంతలో ఉల్లిపాయలమ్ముతాది. ఆవిడ కాడ తమ్ముడి ఫొటో ఒకటీ లేదు. మీ రాయగడల కొట్లున్నాయి కదా, పెద్దది కట్టించియ్యరా అన్నాను. మూడేల్లూ సూసేను. ఇచ్చేసేవేమో అనుకున్నాను."

ఆ రికార్డు నేను మళ్ళీ తెరవనే లేదు. ఇది ఉప్పూ కారం వేసి చెప్తున్నది కాదు.

లాడ్జి అక్కర్లేకపోయింది, పడుకోమని చాప వాళ్ళే వేసేరు. భోజనాల దగ్గర నాయుడు ఒకటే మాటన్నాడు. "రేపొత్తాను. సాలువా నాక్కాదు, ఆ అప్పకి. పిలిపించు." కార్యదర్శికి ఫోను చేసేను. "బతికే ఉన్నాడా!" అని అరిచేడు. తర్వాత, "మరి దీపాలు?" అన్నాడు. చివరికి బిస్సమ్ కటక్‌కి మనిషిని పంపడానికి ఒప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే తిరుగు రైలు. నారాయణమ్మ రూపాయంత బొట్టు పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. "అందరికీ అగుపడాల," అంది. నేను ప్రతి స్టేషన్లోనూ అరటిపళ్ళావిడ ఎక్కుతుందేమోనని తల దించుకున్నాను. వెళ్ళేటప్పుడు చూసిన కొండలే, లోయలే. ఈసారి వాటి గురించి ఎవరికీ ఏమీ చెప్పాలనిపించలేదు. నాయుడు ఆ కాలు ఎదుటి సీటు మీదకి చాపుకుని దారంతా కళ్ళు మూసుకున్నాడు.

రాయగడలో దిగి కూడలికి వచ్చేం. నాయుణ్ణి చూసి, ఫ్లెక్సీ చూసి, మళ్ళీ నాయుణ్ణి చూసి టీ కొట్టతను పాలు పొంగిపోతున్నా కదల్లేదు. నాయుడు ఫ్లెక్సీ కింద నిటారుగా నిలబడి సెల్యూట్ చేసేడు. తనకి తనే చేసుకుంటున్నాడేమిటని నాకు నవ్వొచ్చింది. అప్పుడు చూసేను, వాడి కళ్ళెక్కడున్నాయో. భుజం మీది ఆ చేతి మీద.

సుకుదేవ్ అప్ప వచ్చే బిస్సమ్ కటక్ బస్సు నాలుగింటికి. టైముంది. ఫ్లెక్సీ కొట్టుకి పరిగెత్తేను. ఈ వయసులో పరుగంటే మీరే సవరించుకోండి. ఫొటో పెద్దది చేసి చట్రం కట్టాలన్నాను. కొట్టతను నా ఫోనులోంచి ఫొటో ఎక్కించుకుని, మునుపట్లాగే గీత గియ్యబోతూ ఆగి అడిగేడు.

"ఈపాలి వంటోన్ని ఉంచాలా బాబాయ్?"

ఉంచమన్నట్టు తలూపేను. తెర మీద సుకుదేవ్ ముఖానికి వేలు ఆనించి, తీయకుండా అలాగే నిలబడిపోయేను.