మా సారు నేర్పిన రెక్కీ

మా ఇంగ్లీషు సారు మొన్న భద్రాచలం దవాఖానాలో పోయారు. కబురు విన్నప్పటి నుంచి నాకు ఒక్కచోట కాలు నిలవడం లేదు. పొయ్యి మీద పాలు పెట్టి వాకిట్లోకి, వాకిట్లోంచి మళ్లీ లోపలికి తిరుగుతున్నాను. ఆయన లేకపోతే ఈ నాలుగు ముక్కలు రాసేంత చదువు నాకు అబ్బేది కాదు.

సారూ అంతే, కుర్చీలో కుదురుగా కూర్చుని పాఠం చెప్పగా నేను చూడలేదు. ఒకరోజు బోర్డు మీద ‘రెక్కీ’ అని రాసి, “ఇది సిపాయిల మాట. దండు కదిలే ముందు ఒకడు పోయి దారి చూసొస్తడు,” అన్నారు. మా అడవి పల్లెల్లో ఆ మాట పేపర్లో పడిందంటే పోలీసులో, నక్సలైట్ అన్నలో, ఎవరో ఒకరు చచ్చారన్నమాటే. సారు మా మొహాలు చూసి, “భయమెందుకే? ఇంగ్లీషోళ్లు కిరాయి ఇల్లు చూడబోయినా, పెండ్లికి హాలు చూడబోయినా గిదే మాట అంటరు,” అన్నారు.

ఇంట్లో చెబితే నాయన, “నేర్చుకో బిడ్డా. బస్సుల మాత్రం అనకు,” అన్నాడు.

వనభోజనాలకు తీసుకెళ్లాలన్నా సారు ముందురోజే సారపాక నుంచి సైకిలేసుకుని వెళ్లి, నీళ్లున్నాయా, తేనెటీగలున్నాయా అని చూసొచ్చేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం. “చూసుడు సగం పనే. మల్లొచ్చి చెప్పాలె,” అనేవారు.

మా పదో తరగతి పరీక్షల్లో ఒకరోజు బంద్ పిలుపొచ్చి బస్సులు ఆగిపోయాయి. సెంటరేమో బూర్గంపాడు. ఆ పరీక్ష పోతే నా చదువు అంతటితో సరి, మిరపకాయల కూలికి పోవాల్సిందే. తెల్లవారకముందే సారు మమ్మల్ని ఊరి చివర నిలబెట్టి, “నేనొచ్చేదాక కదలకున్రి,” అని సైకిల్ మీద ఒక్కరే అడవి దారిలో వెళ్లారు. ఎండ ఎక్కింది. సారు రాలేదు. ఆయనకేమైందోనని ఒక భయం, పరీక్ష పోతుందని ఒక భయం. ఎవరి మీదో తెలియని కోపం కూడా వచ్చింది. చివరికి తడిసిన చొక్కాతో వచ్చి, “చెట్లు నరికి రోడ్డుకు అడ్డం ఏసిన్రు. వాగు పక్కన కాలిబాట మంచిగున్నది. జల్దీ నడువున్రి,” అన్నారు.

గేటు మూసేలోపు చేరాం. ప్రశ్నపత్రం చేతికొచ్చాక, సారు ఎక్కడో నీడన కూలబడి ఉంటారనుకుంటూ కిటికీలోంచి చూశాను. ఆయన సైకిల్ మళ్లీ అడవి వైపు పోతోంది, మధ్యాహ్నం మేం ఇళ్లకు తిరిగి వెళ్లాల్సిన దారి చూడటానికి.